ఆదివారం పెన్‌డ్రైవ్ తెచ్చేవారికి

అందరికీ నమస్కారం. ఆదివారం గుంటూరు బ్రాడీపేటలోని మన గదిలో కంప్యూటర్ భద్రతను పరీక్షించడానికి వాడే ఆపరేటింగ్ సిస్టమ్ కాలీ లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ మీది నుంచే నడుపుదాం. ల్యాప్‌టాప్‌లోని విండోస్‌ను కదిలించే పనిలేదు. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, కానీ అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది; పెళ్లి ఫొటోలుంటే ముందే వేరేచోట దాచుకోండి. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ‘లైవ్’ ఇమేజ్‌నే (సిస్టమ్ మొత్తం ఉన్న ఫైలు) దించుకోండి, ఇన్‌స్టాలర్‌ను కాదు. షా-256 విలువ (ఫైలు మారలేదని తేల్చే వేలిముద్ర లాంటిది) సరిచూశాకే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. భద్రతను పరీక్షించే సాధనాన్నే గుడ్డిగా నమ్మితే ఎలా?

కాలీ బూట్ కావాలంటే సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సిస్టమ్‌ను మొదలుకానివ్వని రక్షణ) ఆపాలి. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు: బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఉన్న యంత్రంలో సెక్యూర్ బూట్ ఆపితే, తర్వాత విండోస్ తెరిచినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. దాన్ని ఇంట్లోనే కాగితం మీద రాసుకుని రండి. యంత్రం ఆపగానే లైవ్‌లో చేసిన పనంతా పోతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోనే నిలుపుకునే పర్సిస్టెన్స్ సంగతి అక్కడే చూద్దాం.

ఎన్‌మ్యాప్ (నెట్‌వర్క్‌లోని యంత్రాలను వెతికేది), వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో పోయే డేటాను చూపేది) రెండూ మన రౌటర్ మీదే. కింది టిఫిన్ హోటల్ వైఫై జోలికి ఎవరూ పోవద్దు, సరదాకు కూడా. అనుమతి లేని చొరబాటుకు ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు పడవచ్చు.

విజయవాడ నుంచి వచ్చేవారిలో ఎవరైనా ఒక పొడవాటి ల్యాన్ కేబుల్ తెస్తారా?