లడ్డూని వృద్ధాశ్రమానికి తీసుకెళ్ళే ముందు

చిట్టితల్లీ,

లడ్డూని థెరపీ పిల్లిగా రిజిస్టర్ చేయించి ఆదివారాలు వృద్ధాశ్రమానికి తీసుకెళ్తానన్నావు కదా. మీ నాన్న విని "పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికెళ్ళినట్టు" అంటూ ఒకటే నవ్వు. సర్వీసంతా వార్డుల్లోంచి పిల్లుల్ని అదిలించిన నర్సుని నేను. నా కూతురు ఏకంగా పేషెంట్ల ఒళ్ళోనే పెడతానంటే ఆలోచించకుండా ఎలా ఉంటాను?

పని మంచిదే. ఏళ్ళ తరబడి మంచాన ఉన్నవాళ్ళకి చిన్న పెంపుడు జంతువు మంచి తోడని ఫ్లారెన్స్ నైటింగేలే రాశారు. ఆవిడ బోలెడు పిల్లుల్ని పెంచారు కూడా. మీ శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల టెన్షన్ తగ్గించే కుక్కల దళంలోకి 2023లో డ్యూక్ ఎలింగ్టన్ మోరిస్ అనే 14 ఏళ్ళ పిల్లి కూడా చేరింది. ఫోటోలో పైలట్ టోపీ పెట్టుకుని దర్జాగా ఉంది!

అయితే నువ్వు చేయబోయేది థెరపీ కాదు, పలకరింపు. పక్షవాతం వచ్చిన మనిషి చేతికి దువ్వెన ఇచ్చి పిల్లిని దువ్వమంటారు చూడు, అది థెరపీ. థెరపిస్టు పక్కనే కూర్చుని వేళ్ళు ఎంత విచ్చుకున్నాయో, మణికట్టు ఎంత లేచిందో రాసుకుంటారు. రబ్బరు బంతి నొక్కమంటే విసుక్కునే మనిషి కూడా పిల్లి కోసమైతే ఇంకోసారి చెయ్యి చాపొచ్చు. పలకరింపు తక్కువదని కాదు, రెండూ ఒకటి కావంటున్నానంతే.

నా అనుమానమల్లా లడ్డూ మీదే. కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది. మీ ఇంట్లో ఉన్నప్పుడు చూశానుగా, కాలింగ్ బెల్ మోగితే చాలు, వాషింగ్ మెషీన్ వెనక దూరేది. నేను పాలు పోసినా వాసన చూసి వెనక్కి తగ్గేది. అలాంటిదాన్ని ఫినాయిల్ వాసన, వీల్‌చైర్ చప్పుళ్ళ మధ్య కొత్త ఒళ్ళో కూర్చోబెడితే దానికి నరకమే. గురగురమంటోంది కదా, హాయిగా ఉందిలే అనుకోకు. నొప్పి ఉన్నా, భయమేసినా పిల్లులు గురగురమంటాయి. చెవులు పక్కలకి వాలాయా, వీపు మీద చర్మం అదురుతోందా, తోక టపటపా కొడుతోందా చూసుకో. వీటిలో ఏది కనిపించినా వెంటనే తీసుకుని వచ్చెయ్.

థెరపీ జంతువుల్ని పరీక్షించి రిజిస్టర్ చేసే పెట్ పార్ట్‌నర్స్ సంస్థ వాళ్ళ నియమాలు చదివాను. పిల్లికి ఏడాది నిండాలి, మీ ఇంట్లో కనీసం ఆరు నెలలు ఉండి ఉండాలి, పచ్చిమాంసం పెట్టకూడదు, ఒక రోజులో రెండు గంటలు మించకూడదు. అన్నీ సబబుగానే ఉన్నాయి. నర్సుగా నా మాట ఇంకొకటి. పెద్దవాళ్ళ చర్మం చాలా పలచన. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకైతే చిన్న గీరుకే రక్తం ఓ పట్టాన ఆగదు. ఒళ్ళో మందపాటి టవల్ వేసి, దాని మీదే పిల్లిని పెట్టు. ఎలర్జీ ఉందేమో ముందే అడుగు. వెంట్రుకలు రాలకపోతే ఫరవాలేదనుకుంటారు గానీ, ఎలర్జీ తెచ్చే ప్రోటీన్ దాని ఎంగిల్లో, చర్మంలో ఉంటుంది. కీమో జరుగుతున్నవాళ్ళ దగ్గరికి డాక్టరు సరేనంటేనే వెళ్ళు. ముట్టుకునే ముందూ, తర్వాతా చేతులు కడిగించు.

రిజిస్ట్రేషన్ పరీక్షకి లడ్డూని తీసుకెళ్ళు, కాదనను. అందులో ఫెయిలైతే మాత్రం మళ్ళీ మళ్ళీ తిప్పి దాని ప్రాణం తియ్యకు. ఆదివారాలు నువ్వొక్కదానివే వెళ్ళి వాళ్ళతో కాసేపు కబుర్లు చెప్పు. పరీక్ష తేదీ తెలియగానే ఫోన్ చెయ్యి, దాని గోళ్ళు ముందురోజే కత్తిరించు.

మీ అమ్మ