అంగారకుడి వార్తకు అంతే చోటా?

సంపాదకులకు నమస్కారం.

2021 ఫిబ్రవరి 20 నాటి మీ పత్రిక ఇంకా నా బల్ల మీదే ఉంది. రాద్దామా వద్దా అని పదిహేను రోజులు ఆగాను. మార్చి 4న అమెరికా నాసా పంపిన పర్సెవరెన్స్ రోవర్, అంటే చక్రాల రోబో బండి, అంగారకుడి మీద తొలిసారి కదిలింది. 33 నిమిషాల్లో 4 మీటర్లు ముందుకు పోయి, ఎడమకు తిరిగి, 2.5 మీటర్లు వెనక్కి వచ్చింది. మీ పత్రికలో ఆ వార్త ఒక్క ముక్క కూడా లేదు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

పర్సెవరెన్స్ దిగిన సంగతి మీరు వేశారు, లోపలి పేజీలో అడుగున, చిన్న పెట్టెలో. పక్కన ఫొటో మాత్రం 2012లో దిగిన క్యూరియాసిటీ అనే పాత రోవర్‌ది. రోవర్‌తో పంపిన చిన్న హెలికాప్టర్ కూడా ఎగిరిందని రాశారు. ఎగరలేదు. 1.8 కిలోల ఆ హెలికాప్టర్ ఈ మార్చి మొదటి వారానికి ఇంకా రోవర్ పొట్ట కిందే ఉంది. ఈ రెండు తప్పులూ నాకంటే ముందు మా తొమ్మిదో తరగతి అమ్మాయి పట్టుకుంది. పేపర్ తెచ్చి ముందు పెట్టి, "సార్, పేపర్లో కూడా తప్పులు రాస్తారా?" అని అడిగింది. నేనేం చెప్పాలి?

ఆ పెట్టెలో సగం చోటు నాసా ఇంజినీర్ స్వాతి మోహన్ గారి నుదుటి బొట్టుకే పోయింది. ఆమె బెంగళూరులో పుట్టారని రాశారు, సంతోషం. ఆమె చేసిన పని గురించి ఒక్క వాక్యమైనా ఉండాలి కదా! రోవర్‌కు దారి చూపే, అదుపులో ఉంచే బృందాన్ని నడిపించింది ఆమె. ఆ రోజు అంగారకుడి నుంచి సిగ్నల్ మనకు చేరడానికి 11 నిమిషాలకు పైనే పట్టింది. వాతావరణంలోకి దూరి నేల తాకడానికి పట్టేది 7 నిమిషాలే. అంటే దిగుతున్న కబురు మనకు అందేసరికే అక్కడ అంతా అయిపోయి ఉంటుంది, ఇక్కడి నుంచి ఎవరూ సాయం చేయలేరు. 1,025 కిలోల ఆ బండి కింది నేలను తానే ఫొటోలు తీసుకుని, తన దగ్గరున్న మ్యాప్‌తో సరిచూసుకుని, ప్రమాదం లేని చోటు ఎంచుకుని దిగింది. ఇది రాయడానికి నాలుగు లైన్లు చాలు.

మా పిల్లల్లో కొందరు 19వ తేదీ తెల్లవారుజామున రెండున్నర దాకా మేలుకుని, ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ఫోన్లలోనే ఇదంతా చూశారు. నేనూ చూశాను, ఆ ఏడు నిమిషాల టెన్షన్ చెప్పలేను. తెల్లారి క్లాసులో రోవర్ దిగిన జెజెరో బిలం గురించి చెప్పాను. 45 కిలోమీటర్ల వెడల్పున్న ఆ గుంట ఒకప్పుడు చెరువని, వాగు వచ్చి కలిసేచోట మన చెరువుల్లో ఒండ్రు మేట వేసినట్టే అక్కడా వేసిందని చెప్పాను. పదో తరగతి పిల్లవాడు లేచి, "అక్కడి నీళ్ళల్లో కూడా ఫ్లోరైడ్ ఉండేదా సార్?" అన్నాడు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. మాది ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు వంగిపోయిన మునుగోడు ప్రాంతం. నీళ్ళనగానే మా పిల్లలకు ముందు గుర్తొచ్చేది వంగిపోయిన తాతల కాళ్ళే. నీటి గుణం రాళ్ళలో మిగిలి ఉంటుందని, ఆ రాళ్ళను పరీక్షించడానికే రోవర్ పోయిందని చెప్పాను. అలాంటి ప్రశ్న అడిగే పిల్లలకు మనం ఇస్తున్నది ఏమిటి? మా బడిలో ల్యాబ్ అంటే ఒక బీరువా. తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టర్లు చూశారు, బీరువా తెరవమని అడగలేదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు కోసం మా ఇంటికి ఇప్పటికి నలుగురు వచ్చారు. నలుగురినీ ల్యాబ్ గురించి అడిగాను. కరపత్రం చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. వాళ్ళ ప్రచారానికి మాత్రం మీ దగ్గర రోజుకు రెండు పేజీలు ఉన్నాయి.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన జిల్లా మీదుగానే పోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా నాయనమ్మ తలుపులు బిడాయించి నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. మాకు ఎంతో దూరం లేని జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో అదే గ్రహణాన్ని శాస్త్రవేత్తలు గమనించారని నేను డిగ్రీలో చేరాక తెలిసింది. నాయనమ్మను తప్పుపట్టను, ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. చెప్పాల్సిన పని పత్రికలది, మా లాంటి టీచర్లది. ఆ అబ్జర్వేటరీలోని 48 అంగుళాల టెలిస్కోప్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఒక విలేకరిని పంపించి రాయండి.

ఈ 2021 మార్చిలో పొద్దుగూకాక పడమటి దిక్కున పిల్లలకోడి చుక్కల పక్కన ఎర్రగా కనబడుతున్నది అంగారకుడే. దానికి టెలిస్కోప్ కూడా అక్కర్లేదు. ఆ సంగతైనా రేపు వేయండి. హెలికాప్టర్ ఎగిరే రోజు ఎంతో దూరం లేదు. ఆ రోజు మొదటి పేజీలో చోటు ఉంచండి, ఫొటో వేసే ముందు ఒకసారి సరిచూసుకోండి. ఆ పేపర్ మా క్లాసు గోడకు అంటిస్తాను.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు,
నల్లగొండ జిల్లా