చాట్ తెగిపోతున్న సమస్య: ఆదివారం కూర్చుందాం

అందరికీ నమస్తే 🙏

మన క్లబ్ యాప్‌లో చాట్ మధ్యలో ఆగిపోతోందని వారం నుంచి చెప్తూనే ఉన్నారు. ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు ఎంవీపీ కాలనీలో, ఎప్పుడూ కలిసే గదిలోనే కూర్చుని తేల్చేద్దాం.

నిన్న రాత్రి నేను చూసింది ఇదీ. వెబ్‌సాకెట్ (చాట్ కోసం బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య తెరిచి ఉంచే లైన్) బాగానే మొదలవుతోంది, సర్వర్ నుంచి 101 (‘సరే, లైన్ కలిపాను’ అనే జవాబు) వస్తోంది. ఎవరూ ఏమీ టైప్ చేయకుండా వదిలేస్తే మాత్రం సరిగ్గా నిమిషానికి తెగిపోతోంది, క్లోజ్ కోడ్ 1006 (చెప్పాపెట్టకుండా లైన్ తెగిందని అర్థం). మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే. మన సర్వర్‌కి ముందు ఉండి రాకపోకలు చూసే ఎన్‌జిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ రీడ్ టైమౌట్ (సర్వర్ నుంచి ఏదైనా వస్తుందని ఎంతసేపు ఆగాలో చెప్పే సెట్టింగ్) మనం మార్చలేదు, అంటే 60 సెకన్లే. అంతసేపు సర్వర్ నుంచి ఏమీ రాకపోతే అదే లైన్ మూసేస్తుంది. సర్వర్ 25 సెకన్లకోసారి పింగ్ (‘ఉన్నాను’ అనే చిన్న సందేశం) పంపితే సరిపోతుందని నా నమ్మకం. టైమౌట్‌ని గంటకు పెంచేద్దాం అన్నారు కొందరు. వద్దు, చచ్చిన కనెక్షన్లు కూడా బతికున్నట్టే కనిపిస్తాయి.

రుషికొండ ఆఫీసుల నుంచి వాడేవాళ్లకు అసలు కనెక్టే కావట్లేదు. అది వేరే సంగతి. అక్కడివాళ్లు, సాకెట్ అడ్రస్ డబ్ల్యూఎస్‌ఎస్‌తో (wss://, అంటే ఎన్‌క్రిప్ట్ చేసిన వెబ్‌సాకెట్) మొదలవుతోందా లేదా మీరే చూసి చెప్పండి; కాకపోతే ఆఫీసు నెట్‌వర్కే ఆపుతుండొచ్చు.

అందరూ శనివారం రాత్రి 8లోపు: బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో సాకెట్ లైన్ స్క్రీన్‌షాట్, తెగిన టైమ్ ఇక్కడ పెట్టండి. లాగిన్ టోకెన్ (మీ ఖాతాలోకి వెళ్లేందుకు వాడే రహస్య కోడ్) కనిపిస్తే చెరిపేసి పెట్టండి, ప్లీజ్.

లాప్‌టాప్, ఛార్జర్ మర్చిపోవద్దు. అప్పటిదాకా లైవ్ సర్వర్‌లో ఎవరూ ఏమీ మార్చకండి.