బండి ఎత్తేసే ముందు చోటు చూపించండి

సంపాదకుడు గారికి,

ఫుట్‌పాత్ ఖాళీ చేయించడానికని టిఫిన్ బండ్లను లారీలకెక్కించిన వార్తలు మీ జిల్లా పేజీల్లో తరచూ చదువుతుంటాను. నేనుండేది సింగపూర్‌లో. ఇక్కడి లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్ అని 1982 నాటి హాకర్ సెంటర్ ఉంది. ప్రభుత్వం కట్టించి చిరు వ్యాపారులకు అద్దెకిచ్చిన చోటు. కింద అంతస్తులో ఒకవైపు చేపలు, మటన్, కరివేపాకు అమ్మే మార్కెట్, ఇంకోవైపు వరసగా తిండి స్టాళ్లు. ఆదివారం వస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

నా ఓటు అల్లావుద్దీన్ స్టాల్ బిర్యానీకి. మన కారం అలవాటైన నాలుకకు మొదట్లో చప్పగా అనిపిస్తుంది, తర్వాత అదే కావాలంటుంది. పరోటా స్టాల్ దగ్గర ఎంతసేపు నిలబడినా విసుగు రాదు. పిండిముద్దను గాల్లో తిప్పి తిప్పి అవతలి మనిషి కనిపించేంత పలచగా చేసి, మడతలు పెట్టి పెనం మీద పడేస్తారు. పక్కనే ఒక మగ్గులోంచి ఇంకో మగ్గులోకి బారెడు ఎత్తున టీ తిరగబోస్తుంటారు. బాతు మాంసం అన్నం తినే చైనీస్ పెద్దాయన, పరోటా తినే మనం ఒకే బల్ల మీద. తిన్న ట్రే ఎవరిది వాళ్లే తీసుకెళ్లి పెట్టాలి, హెచ్చరించినా వినకపోతే జరిమానా.

ఒకప్పుడు ఇక్కడా అమ్మకాలన్నీ రోడ్డు మీదే, ఎంగిలి నీళ్లన్నీ కాలవలోకే. 1968-69లో ముందు వీధి వ్యాపారులందరి పేర్లూ రాసుకున్నారు. 1971 నుంచి 1986 దాకా సెంటర్లు కడుతూ వాళ్లను లోపలికి తెచ్చారు. టెక్కా పాత మార్కెట్ రోడ్డుకు అవతల ఉండేది, కొత్తది ఎదురుగానే కట్టారు. అందుకే బేరాలు పోలేదు. మన దగ్గర ప్రత్యామ్నాయ స్థలమంటే ఊరి చివర, బస్సు కూడా ఆగని చోట చూపిస్తారు. అక్కడికెళ్లి ఇడ్లీ ఎవరు తింటారండీ?

చట్టం మనకూ ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. వేరే చోటికి మార్చాలన్నా 30 రోజుల ముందు నోటీసివ్వాలి. వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి. మీ ఊళ్లో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో కనుక్కోండి.

సింగపూర్‌లో అంతా బాగుందని కాదు. మొదటి తరం వాళ్లకు అద్దె తక్కువ, కొత్తవాళ్లు మాత్రం టెండర్ వేయాల్సిందే. 2024లో మెరైన్ పరేడ్ సెంటర్‌లో ఒక స్టాల్‌కు నెలకు 10,158 సింగపూర్ డాలర్లు పాడారు. మన డబ్బుల్లో ఆరు లక్షల పైమాటే. ఆ అద్దె కట్టి పరోటా ఎంతకమ్మాలి? మన మున్సిపాలిటీలు ఫుడ్ కోర్టులకు వేలం పెడితే జరిగేదీ ఇదే. బండివాడు బయట, డబ్బున్నవాడు లోపల.

కాబట్టి ఫుడ్ కోర్టు కట్టే ప్రతి చోటా మొదటి విడత స్టాళ్లు, అక్కడినుంచి తీసేసిన బండ్లవాళ్లకే, వేలం లేకుండా ఇవ్వాలి. ఆ జాబితాను టెండర్ ప్రకటన కంటే ముందే బయటపెట్టమని మీ విలేకరులు కమిషనర్లను అడగాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, సింగపూర్