వరద ప్లాన్ మీటింగ్: ఆదివారం సాయంత్రం 5 గంటలకు

అందరికీ నమస్కారమండీ.

ఈ ఆదివారం మన మేడ మీద కలుద్దాం. ఓనర్లే కాదు, అద్దెకున్నవాళ్లు, మన ఇళ్లలో పనిచేసే అక్కలు, వాచ్‌మన్ కుటుంబం కూడా రావాలి. అక్కలకి 5 కుదరదంటే టైమే మారుద్దాం.

పోయినసారి వచ్చిందంతా మగవాళ్లమే. జనరేటర్ డీజిల్ మీద గంటసేపు మాట్లాడుకున్నాం. ప్యాడ్ల మాట ఒక్కరి నోటా రాలేదు, నాతో సహా 🙏

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశాం కదా. పై అంతస్తులవాళ్లకి కరెంటు, నీళ్లు లేక ఇబ్బంది. కింద గదిలో ఉన్న వాచ్‌మన్‌కి బియ్యం డబ్బాతో సహా అన్నీ పోయాయి. రెండో అంతస్తు మామ్మగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మెట్లు దించాం. బాత్రూంలో నీళ్లు లేవని ఆడవాళ్లు మంచినీళ్లు తాగడమే తగ్గించేశారట. ఈ సంగతి మా ఆవిడ చెబితే గానీ నాకు తెలియలేదు.

శనివారం రాత్రిలోగా చేయాల్సింది:
ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు, నడవలేనివాళ్లు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఉంటే ఫ్లాట్ నంబరుతో నాకు విడిగా మెసేజ్ పెట్టండి. గ్రూపులో వద్దు.
ప్రతి అంతస్తు నుంచి ఇద్దరి పేర్లు కావాలి, ఒకరు తప్పకుండా ఆడవాళ్లే. ఫోన్ లేనివాళ్ల తలుపు కొట్టి చెప్పే పని వీళ్లదే.

పిల్లల్ని ఎవరు చూస్తారని ఆగిపోవద్దు, వెంట తెచ్చేయండి.

మర్చిపోకండి: ఆధార్, రేషన్ కార్డు, మందుల చీటీలు ఇప్పుడే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. వాచ్‌మన్ వాళ్లవి పై అంతస్తులో మా ఇంట్లో ఉంచుతాం.