ఆ వాపు తగ్గడానికి కీమో దాకా ఆగాలా?

సంపాదకుల వారికి, నమస్కారం.

ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. కీమో, రేడియేషన్, కొత్తగా వచ్చిన మందులు అన్నీ చెప్పారు. కానీ ఈ జబ్బులో కొందరిని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే మొహం, మెడ వాచిపోయే ఒక ఇబ్బంది గురించి, దానికి స్టెంట్‌తో దొరికే ఉపశమనం గురించి ఒక్క ముక్క లేదు. క్యాన్సర్ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి రాయాలనిపించింది.

తల, మెడ, చేతుల్లోని రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే పెద్ద సిర ఒకటి ఛాతీలో ఉంటుంది. డాక్టర్లు ఎస్‌వీసీ అంటారు. పొడవు సుమారు 7 సెంటీమీటర్లు. గోడ పల్చన, లోపల ఒత్తిడి తక్కువ. పక్కన కణితి పెరిగినా, లింఫు గ్రంథులు వాచినా ఇట్టే నొక్కుకుపోతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్, లింఫోమా (లింఫు గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్) ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. రక్తం కిందికి దిగే దారి లేక పైనే నిలిచిపోతుంది. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బిపోయి, కళ్లు సగం మూసుకుపోయి ఉంటాయి. చొక్కా కాలర్ గుండీ పట్టదు, వేలి ఉంగరం ఊడిరాదు. చెప్పు తొడుక్కుందామని వంగితే తల పగిలిపోతున్నట్టుంటుంది. పడుకుంటే ఊపిరాడదు. అందుకని మంచం మీదే కూర్చుని, ఎదురుగా బల్ల మీద దిండు వేసుకుని దానిపై తల వాల్చి రాత్రంతా గడుపుతారు. చూడ్డానికి వచ్చినవాళ్లేమో "ఫర్వాలేదే, కాస్త ఒళ్లు చేశారు" అని వెళ్తారు!

దీనికి రేడియేషన్, కీమో పనిచేయవని కాదు. కానీ వాటితో కణితి కరిగితేనే సిర తెరుచుకుంటుంది, అందుకు రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. స్టెంట్ అయితే కణితితో పని లేకుండా నేరుగా దారి తెరుస్తుంది. మెడ దగ్గరో తొడ దగ్గరో మత్తు సూది వేసి, సిరలోంచి సన్నటి వైరును ఇరుకైన చోటు దాటిస్తారు. ఆ వైరు మీదుగా వెళ్లిన లోహపు జాలీ గొట్టం అక్కడ విచ్చుకుని సిరను తెరిచి ఉంచుతుంది. ఛాతీ కోయక్కర్లేదు. తలనొప్పి కొందరికి వెంటనే తేలికపడుతుంది. మొహం వాపు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది, చేతుల వాపుకు ఇంకాస్త సమయం పడుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసి 2002లో ప్రచురించిన ఒక సమీక్షలో, స్టెంట్‌తో 95 శాతం మందికి ఉపశమనం కనిపించింది. కీమో, రేడియేషన్‌లతో అది ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో వేగంగా పెరిగే స్మాల్ సెల్ అనే రకంలో 77 శాతం, మిగతా రకాల్లో 60 శాతం. స్టెంట్ వేసినవాళ్లలో 11 శాతం మందికి మళ్లీ అడ్డుపడింది, చాలామందికి దాన్ని తిరిగి తెరవగలిగారు.

ఇది కొత్త ప్రయోగం కూడా కాదు, 1980ల నుంచే చేస్తున్నారు. అయినా స్టెంట్ మాట చాలాసార్లు అన్నీ అయిపోయాకే వస్తుంది. అప్పటికి ఆ సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే వైరు దాటించడమే కష్టమవుతుంది. ఇంట్లోవాళ్లకు స్టెంట్ అనగానే గుండె జబ్బే గుర్తొస్తుంది, ఇంకా టెన్షన్ పడతారు. "ఎలాగూ తగ్గని జబ్బు, మళ్లీ ఇదొకటి ఎందుకు" అని కొందరు వెనక్కి తగ్గుతారు. ఆ మాట డాక్టర్ల నోట విన్నప్పుడు మాత్రం నాకు కోపం వస్తుంది. మిగిలింది కొద్ది నెలలే అయితే, ఆ నెలలన్నీ మనిషి కూర్చునే నిద్రపోవాలా?

అందరికీ స్టెంట్ వేసేయమని నా ఉద్దేశం కాదు. లింఫోమా, స్మాల్ సెల్ రకాలు కీమోకు త్వరగా లొంగుతాయి. ఇబ్బంది తక్కువగా ఉంటే ఆగవచ్చు. ప్రాణం మీదికి రాకపోతే ముందు బయాప్సీ చేసి జబ్బేమిటో తేల్చుకోవాలి. లింఫోమా అనుమానం ఉన్నప్పుడు తొందరపడి స్టెరాయిడ్లు ఇస్తే బయాప్సీలో అసలు జబ్బే సరిగా దొరక్కపోవచ్చు. స్టెంట్‌కూ ప్రమాదాలున్నాయి. అది జారవచ్చు, రక్తం గడ్డకట్టవచ్చు, అరుదుగా గుండె చుట్టూ ఉన్న పొరలోకి రక్తస్రావం కావచ్చు. క్యాన్సర్‌ను అది నయం చేయదని కూడా ముందే చెప్పాలి.

నేను అడిగేది ఒకటే. మొహం వాచి, ఊపిరాడక వచ్చిన రోగికి ఏ చికిత్స ఇవ్వాలో మాట్లాడుకునేటప్పుడు, స్టెంట్ వేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టును మొదటి రోజే పిలవాలి. ఆ సదుపాయం లేని ఆస్పత్రి అయితే, ఎక్కడ ఉందో రోగికి చెప్పి పంపాలి. ఇంట్లోవాళ్లు కూడా "ఈ వాపుకు స్టెంట్ పనికొస్తుందా, పనికిరాకపోతే ఎందుకు" అని మొహమాటపడకుండా అడగాలి. మీరు కూడా ఆ నిపుణులెవరి చేతనైనా ఈ విషయం మీద ఒక వ్యాసం రాయించండి. అందులో లక్షణాలు పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
క్యాన్సర్ వార్డు నర్సు