లాగ్ మొదటి నుంచి చదువు

హైదరాబాద్,
ఆదివారం పొద్దున

బిడ్డా,

లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పుస్తకం చూసి సోర్సు కోడ్ నుంచి సొంత లైనక్స్ కట్టుకుంటూ రాత్రి నువ్వు పంపిన లాగ్ ఫైల్ ఇప్పుడే చూశాను. ఈరోజు షాపు లేదు కాబట్టి తీరిగ్గానే చదివాను. "పుస్తకంలోనే ఏదో తప్పుంది నాన్నా" అన్నావు. జీసీసీ కంపైలర్ రెండో పాస్‌లో, అంటే రెండోసారి కట్టేటప్పుడు, ఆగిపోయింది, నిజమే. కానీ నువ్వు చివరి ఇరవై లైన్లు చూశావు. మొదటి లైన్ చూడు. 'బిల్డ్' అనే ఫోల్డర్ చేయలేను, ఇప్పటికే ఉంది అంటోంది. కొత్తగా విప్పిన సోర్సులో బిల్డ్ ఎందుకుంటుంది? అది మొదటి పాస్‌కి విప్పిన పాత ఫోల్డర్. ఒక ప్యాకేజీ అయిపోగానే దాని ఫోల్డర్ తీసెయ్యాలి, మళ్ళీ కావాలంటే టార్ ఫైల్ (సోర్సు మూట) నుంచి కొత్తగా విప్పుకోవాలి. లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్‌లో ఆ మాట ముందే చెప్పేస్తారు, ప్రతి పేజీలోనూ చెప్పరు. నువ్వు కమాండ్లున్న పేజీలే చదివావు కదూ?

నిన్ను తిట్టే అర్హత నాకు లేదులే. 2021 లాక్‌డౌన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో షాపు మూసుకుని ఇంట్లో కూర్చున్నప్పుడు నేనూ ఇదే మొదలుపెట్టాను. ఎల్ఎఫ్ఎస్ అనే మామూలు యూజర్‌ని చేసుకుని ఆ పేరు మీదే కంపైల్ చేయమని ఉంది. మెషీన్ నాది, నాకెందుకీ పర్మిషన్ల గోల అని రూట్‌గానే (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) కూర్చున్నాను. మధ్యలో కరెంట్ పోయింది. వచ్చాక కొత్త టెర్మినల్ తెరిచి జీలిబ్‌సీ (దాదాపు అన్ని ప్రోగ్రాంలూ వాడుకునే సీ లైబ్రరీ) ఇన్‌స్టాల్ కొట్టాను. కొత్త సిస్టమ్ ఏ ఫోల్డర్‌లో కట్టాలో చెప్పే డాలర్ ఎల్ఎఫ్ఎస్ అనే వేరియబుల్ ఆ టెర్మినల్‌లో ఖాళీ. దాంతో ఫైళ్ళన్నీ నేరుగా నడుస్తున్న సిస్టమ్‌లోకే పోయాయి. ఫైళ్ళ లిస్టు చూపించే ఎల్ఎస్ కొడితే నడవలేదు. షట్‌డౌన్ కూడా నడవలేదు. బటన్ నొక్కి పట్టుకుని ఆపాల్సొచ్చింది. మీ అమ్మ ఏమైందని అడిగితే అప్‌డేట్ అవుతోందన్నాను, ఇప్పటికీ అదే అనుకుంటోంది. మామూలు యూజర్‌గా ఉంటే 'పర్మిషన్ డినైడ్' అని అక్కడే ఆగేది. 1999లో జెరార్డ్ బీక్‌మన్స్ మొదలుపెట్టిన పుస్తకం అది. ఎవరి చెయ్యి ఎక్కడ కాలితే అక్కడ ఒక వాక్యం చేరినట్టుంటుంది నాకు.

నువ్వు ఇన్‌స్టాల్ దాకా రాలేదు కాబట్టి పాత పనంతా పోయినట్టు కాదు, టెన్షన్ పడకు. జీసీసీ ఫోల్డర్ తీసేసి కొత్తగా విప్పు. అంతకు ముందు ఎకో డాలర్ ఎల్ఎఫ్ఎస్ కొట్టి, మౌంట్ పాయింట్ (కొత్త సిస్టమ్ పార్టిషన్ తగిలించిన ఫోల్డర్) వస్తోందో లేదో చూడు. జీలిబ్‌సీ అయ్యాక చిన్న ప్రోగ్రాం కంపైల్ చేసి రీడెల్ఫ్ అనే కమాండ్‌తో దాని లోపల చూడమన్నారు కదా, అది వదిలేసుంటే ఇప్పుడైనా చెయ్యి. లోడర్ (ప్రోగ్రాంని మెమరీలోకి ఎక్కించేది) పేరు పుస్తకంలో ఉన్నట్టే రావాలి, ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆగిపో. ఇంకోటి, కొత్త వెర్షన్ వచ్చిందని ఏదీ మార్చకు.

సకినాలు బస్సు పార్శిల్లో వేశాం. మేక్ (కంపైల్ చేసే కమాండ్) నడుస్తున్నంతసేపూ తిను, కీబోర్డు మీద మాత్రం పొడి రాల్చకు. ల్యాప్‌టాప్ పరుపు మీద పెట్టకు, గాలాడక వేడెక్కుతుంది.

నాన్న